గేటు లేవని ప్రాజెక్టుకు వరద ఒక్కటే శత్రువా?

ప్రాజెక్టు కట్ట తెగిన ప్రతిసారీ అధికారుల నోట మొదట వచ్చే మాట "కనీవినీ ఎరుగని వరద". అందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ విచారణ ఆ మాట దగ్గరే ఆగిపోవడం మనకు అలవాటైపోయింది. ఎన్ని లక్షల క్యూసెక్కులు వచ్చాయన్న లెక్క గంటగంటకూ టీవీల్లో తిరుగుతుంది. ఆ పూట ఎన్ని గేట్లు లేచాయి, లేవనిది ఎన్నాళ్లుగా లేవడం లేదు, దాని మరమ్మతు ఫైలు ఎవరి బల్ల మీద ఆగింది అన్న లెక్క మాత్రం వరద తీసేశాక కూడా బయటికి రాదు. గత ఐదారేళ్లలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, మనకు నీళ్లిచ్చే తుంగభద్ర మీదా జరిగినవి వరసగా పెట్టి చూస్తే, మన ప్రాజెక్టులకు ముప్పు కాంక్రీటులో కంటే ఇనుములోనే ఎక్కువ ఉందనిపిస్తుంది. గేటు, దాన్ని ఎత్తే గొలుసు లేదా రోపు, మోటారు, ఆ మోటారు దగ్గర నిలబడే మనిషి, ఎత్తమని ఆదేశించే అధికారి. వరద రాత్రి కట్టను కాపాడేది ఈ వరస. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగడం వేరే కథ, దాన్ని ఇక్కడ కలపడం లేదు. మిగిలిన వాటిలో చాలా చోట్ల ఈ వరసలోనే ఎక్కడో తేడా కొట్టింది.

అన్నమయ్య ప్రాజెక్టునే తీసుకుందాం. 2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీది ఈ ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. అంతకు కొద్ది గంటల ముందే ఎగువన పింఛా ప్రాజెక్టుకు గండి పడింది. దిగువన పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి పల్లెల మీద ఏరు విరుచుకుపడింది. ముప్పై మందికి పైగా చనిపోయారు. స్పిల్‌వే సామర్థ్యం 2.17 లక్షల క్యూసెక్కులైతే వచ్చింది 3.2 లక్షలు. ఐదు గేట్లలో ఒకటి లేవలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి గజేంద్రసింగ్ షెకావత్ రాజ్యసభలో చెప్పారు. అసలు కారణం అది కాదు, వరదేనని రాష్ట్ర ప్రభుత్వం ఖండించింది. రాష్ట్రం వాదనలో పసలేదని అనలేం. ఐదు గేట్లూ లేచినా లక్ష క్యూసెక్కులు మిగిలిపోతాయి కదా!

అయితే ఆ లెక్కను సగంలో వదిలేయకూడదు. జలాశయం సామర్థ్యం 2.24 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఐదు గేట్లూ పనిచేస్తే వచ్చే నీటికీ పోయే నీటికీ తేడా సెకనుకు లక్షా మూడు వేల ఘనపుటడుగులు. ఖాళీ జలాశయం ఆ తేడాతో నిండాలంటే ఆరు గంటలు పడుతుంది. ఒక గేటు మొరాయిస్తే, సుమారు 43 వేల క్యూసెక్కుల దారి మూసుకుపోయి, అదే జలాశయం నాలుగుంపావు గంటల్లో నిండుతుంది. ఇది మోటు లెక్కే. వరద ఒకే తీరున రాదు, జలాశయం ఆ రోజు ఖాళీగానూ లేదు. కానీ ఆ గేటు విలువ ఎంతో ఈ లెక్క చెబుతుంది: దాదాపు గంటా ముప్పావు. కట్ట నిలిచేది కాదనే అనుకుందాం. గంటా ముప్పావులో ఊరు ఖాళీ చేయించవచ్చు, పశువుల కట్లు విప్పవచ్చు, ముసలివాళ్లను మిట్ట మీదికి చేర్చవచ్చు. ముందుగానే జలాశయాన్ని దించి ఉంటే ఇంకా ఎక్కువ సమయం దొరికేది. వాయుగుండం తీరం దాటకముందే భారీ వర్షాల హెచ్చరికలు వచ్చాయి. కాబట్టి "గేటు లేచినా కట్ట తెగేదే" అన్నది జవాబు కాదు. ఎప్పుడు తెగేది, అప్పటికి కింద ఎవరు ఉండేవాళ్లు అన్నదే ప్రశ్న.

నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు ఈ ప్రశ్నను రెండేళ్లు వరసగా అడిగింది. 2022 జులైలో అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, స్పిల్‌వేకు అంత వదిలే శక్తి లేదు. పద్దెనిమిది గేట్లలో పదిహేడు లేచాయి, ఒకటి లేవలేదు. ఎడమ కాలువ వైపు గండి పడి కొంత నీరు పక్కకు పోవడం వల్ల అసలు కట్ట బతికిందని అప్పట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 1958లోనూ, 1995లోనూ వరదకు దెబ్బతిన్న ప్రాజెక్టు ఇది. అంతటి హెచ్చరిక తర్వాత 2023 వానాకాలానికి గేట్లన్నీ నున్నగా ఆడుతుంటాయని ఎవరైనా అనుకుంటారు. ఆ జులైలో నాలుగు గేట్లు మొరాయించాయి, నీరు గేట్ల మీదుగా పొర్లింది. మొదటి ఏడాది వరదను తిట్టుకోవచ్చు, రెండో ఏడాది ఎవరిని తిట్టాలి? ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే వరస. 2021 ఆగస్టులో పులిచింతల పదహారో గేటు కొట్టుకుపోయింది. గుండ్లకమ్మ మీద 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మరో గేటు పోయాయి. మొదటిది పోయాక మిగతావాటి మీద చూపు పడాలి కదా!

గేటు అనగానే బయటివాళ్లకు ఒక ఇనుప పలక మాత్రమే కనిపిస్తుంది. దాని వెనుక పని చాలా ఉంది. నీటిని పట్టి ఉంచే రబ్బరు సీలు ఎండి పగులుతుంది. గాడిలో తిరగాల్సిన చక్రాలు తుప్పుపట్టి బిగుసుకుంటాయి. రోపులో ఒక్కో తీగె తెగుతూ వస్తుంది, గ్రీజు పెట్టే మనిషికి తప్ప అది ఎవరికీ తెలియదు. గాడి అడుగున చెట్ల మొదళ్లు, కంకర ఇరుక్కుంటాయి. అసలు వరద రాత్రే కరెంటు పోతుంది, జనరేటరులో డీజిలు ఉండాలి, అది స్టార్ట్ కావాలి. అదీ కాకపోతే చేత్తో తిప్పి ఎత్తాలి, అందుకు మనుషులు కావాలి. ఈ పనులు వచ్చిన పాత సిబ్బంది రిటైరయ్యాక ఆ పోస్టులు చాలా చోట్ల ఖాళీగానే ఉన్నాయి, లేదంటే నెలనెలా జీతం రాని ఔట్‌సోర్సింగ్ వాళ్లతో నడుస్తున్నాయి. సెన్సర్లు, కంట్రోల్ రూములు, తెరమీద రంగురంగుల గ్రాఫులు వస్తున్నాయి, రానివ్వండి. గేటు బిగుసుకుపోయిందన్న కబురు హైదరాబాద్‌కో విజయవాడకో త్వరగా చేరుతుంది. గేటు మాత్రం లేవదు.

ఈ మాట అనగానే ఎదురయ్యే పెద్ద అభ్యంతరం రైతు వైపు నుంచి వస్తుంది. వాన పడుతుందన్న అంచనాతో ముందే నీళ్లు వదిలేస్తే, తీరా వాన పడకపోతే, ఆయకట్టు గతేమిటి? న్యాయమైన ప్రశ్న. కానీ అన్ని జలాశయాలకూ ఒకే జవాబు లేదు. అన్నమయ్య వంటి చిన్న ప్రాజెక్టుకు ఈ భయం నిలవదు. ఆ రోజు వచ్చిన వరద ఉద్ధృతికి దాన్ని అడుగు నుంచి నింపడానికి రెండు గంటలు చాలు. శ్రీశైలం, తుంగభద్ర వంటి వాటి సంగతి వేరు. అక్కడ ఒక్కో టీఎంసీకీ పంపకాల పంచాయితీ ఉంది, సీజను చివర్లో వదిలిన నీరు మళ్లీ రాకపోవచ్చు. 2009 అక్టోబరులో శ్రీశైలం దాదాపు నిండి ఉన్నప్పుడే పాతిక లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. 885 అడుగుల పూర్తిస్థాయి మట్టాన్ని దాటి నీరు 896 అడుగులకు చేరింది. డ్యామ్ నిలిచింది. ఆ నిలవడంలో కట్టినవాళ్ల ప్రతిభ ఎంతో, అదృష్టం ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఇలాంటి చోట ఏ తేదీకి ఏ మట్టం దాటకూడదో చెప్పే రూల్ కర్వ్ ఒకటి ఉంటుంది. దాన్ని తాజా వరదల లెక్కతో సవరించి, అందరికీ తెలిసేలా ప్రకటించి, దాని ప్రకారం నీరు వదిలిన ఇంజినీరు జోలికి ఎవరూ రాకుండా చూడాలి. ఇవాళ మన వ్యవస్థలో ముందుగా నీళ్లు వదిలి వాన పడకపోతే ఎస్‌ఈ దొరికిపోతాడు, వదలకుండా కూర్చుంటే వరద మీదికి నెట్టేయవచ్చు. ఎవరైనా రెండోదే ఎంచుకుంటారు.

నీటి వృథా సంగతే మాట్లాడాలంటే తుంగభద్రను మించిన ఉదాహరణ లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి హొసపేటె దగ్గర డ్యామ్ నిండుగా ఉన్నప్పుడు పంతొమ్మిదో గేటు గొలుసు తెగింది. 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న గేటు కొట్టుకుపోయింది. ముప్పై మూడు గేట్లున్న డ్యామ్‌లో ఒక్క గొలుసు. డ్యామ్ మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లూ తెరిచి ముప్పై టీఎంసీలకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. ఆ ఏడు వానలు దయతలచి మళ్లీ నింపాయి, సరే. కానీ గేట్లను నమ్మలేక 2025లో 105.78 టీఎంసీల జలాశయాన్ని 80 టీఎంసీల దగ్గరే ఆపేశారు. పాతిక టీఎంసీలు! రాయలసీమ కాలువలకూ, కర్ణాటక ఆయకట్టుకూ అది ఎంత నీరో చెప్పనక్కర్లేదు. సకాలంలో గొలుసులు మార్చకపోతే పోయే నీటి ముందు, తుఫానుకు ముందు జాగ్రత్తగా వదిలే నీరు ఏపాటిది?

తుంగభద్రలో మరో సంగతి కూడా బయటపడింది. గేటు పోయినప్పుడు ఆ ఖాళీని తాత్కాలికంగా మూసే స్టాప్‌లాగ్ అక్కడ సిద్ధంగా లేదు, వాటిని దించడానికి తగిన గాడి కూడా లేదు. అప్పటికప్పుడు ఇనుప పలకలు చేయించి, పారుతున్న నీటిలోకి ఒక్కొక్కటీ దించారు. ఆ పని దగ్గరుండి చేయించినది ఎనభై ఏళ్ల దరిదాపుల్లో ఉన్న గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు. పక్క నెలలోనే ప్రకాశం బ్యారేజీ గేట్లను పడవలు ఢీకొని కౌంటర్‌వెయిట్లు దెబ్బతింటే మళ్లీ ఆయననే పిలిచారు. ఆయన సాహసానికీ అనుభవానికీ చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ వేల ఇంజినీర్లున్న రాష్ట్రాలు గేటు పోయిన ప్రతిసారీ ఒకే పెద్దాయన ఫోన్ నంబరు వెతుక్కుంటున్నాయంటే, ఆ విద్య శాఖలో మిగల్లేదని అర్థం.

వాతావరణం మారిపోయింది, పాత లెక్కలతో కట్టిన స్పిల్‌వేలు సరిపోవు, గేట్లకు గ్రీజు పూస్తే ఏమవుతుందని అడిగేవాళ్లూ ఉన్నారు. స్పిల్‌వే చాలకపోతే ఏమవుతుందో 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు-2 చూపించింది. లెక్క కట్టినదానికి రెట్టింపు మించి వరద వచ్చి మట్టికట్ట కొట్టుకుపోయింది, మోర్బీ పట్టణంలో వేలమంది చనిపోయారు. కాబట్టి కొత్త వర్షపాతంతో వరద అంచనాలు తిరగరాయాల్సిందే. చాలని చోట అదనపు గేట్లు పెట్టాలి, లేదా కట్ట మీద ఊళ్లకు దూరంగా ఒక చోటును కావాలనే తక్కువ ఎత్తులో ఉంచి, ప్రమాదం వస్తే అక్కడే తెగేలా కట్టాలి. కడెంలో ఎడమ కాలువ గండి తనకు తానుగా చేసిన పని అదే, మనం ఆలోచించి చేయాలి. కానీ ఇవి ఏళ్లు పట్టే పనులు. ఈలోపు వచ్చే వానాకాలాలు ఆగవు. ఉన్న దారినంతా తెరవలేనివాళ్లు దారి చాలదని వాదించడంలో అర్థం లేదు.

ఇక డబ్బు, చట్టం. 19 రాష్ట్రాల్లో 736 డ్యామ్‌ల బాగు కోసం కేంద్రం డ్రిప్ రెండు, మూడు దశల కింద 10,211 కోట్ల రూపాయలతో పథకం పెట్టింది. సగటున డ్యామ్‌కు 14 కోట్లు. కొత్త ప్రాజెక్టు శంకుస్థాపనలో వినిపించే అంకెల ముందు ఇది చిల్లర. మన రాష్ట్రాల్లో కష్టం అంకె చిన్నదని కాదు, అదైనా అందకపోవడం. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని పనికి చిన్న కాంట్రాక్టరు టెండరు వేయడు. గేటు మరమ్మతు మూడుసార్లు టెండరు పిలిచి వదిలేసిన పనుల జాబితాలో చేరుతుంది. అన్నమయ్య కట్ట తెగి రెండు వారాలు తిరక్కముందే డ్యామ్ సేఫ్టీ బిల్లు రాజ్యసభలో ఆమోదం పొందింది, ఆ ఏడాది డిసెంబరు 30 నుంచి అమల్లోకి వచ్చింది. వానాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు, అయిదేళ్లలోపు ప్రతి పెద్ద డ్యామ్‌కూ సమగ్ర భద్రతా పరిశీలన, అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తప్పనిసరి. ఆదేశాలు ధిక్కరిస్తే జైలు కూడా ఉంది. అయితే ఆ శిక్ష ఆదేశం ధిక్కరించిన ఇంజినీరు దాకా వస్తుంది గానీ, నిర్వహణ పద్దులో డబ్బు విడుదల చేయని ఆర్థిక శాఖ గడప తొక్కదు. నిర్వహణ సొమ్మును వేరే ఖాతాలో వేసి, దాన్ని మరోదానికి మళ్లించకుండా కట్టడి చేసేదాకా ఈ తనిఖీలు కాగితం పనిగానే ఉంటాయి.

ఎగువ చెరువు తెగితే దిగువ ప్రాజెక్టు తట్టుకోలేదన్నది పింఛా కొత్తగా నేర్పిన పాఠం కాదు. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు, ఆ నదీ పరివాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని విశ్వేశ్వరయ్య లెక్క తీశారు. ఒక ప్రాజెక్టు భద్రత దాని గోడల దగ్గర మొదలు కాదు కాబట్టే అత్యవసర ప్రణాళికలో ఎగువ గొలుసుకట్టు చెరువులు కూడా ఉండాలి. ఆ ప్రణాళిక ఇంగ్లిష్ ఫైలుగా చీఫ్ ఇంజినీరు కార్యాలయంలో ఉంటే కుదరదు. ఏ మట్టం దగ్గర సైరన్ మోగుతుంది, రాత్రి రెండింటికి మోగితే ఏ మిట్ట మీదికి పోవాలి, ఏ తోవ మునుగుతుంది అన్నవి తెలుగులో దిగువ ప్రతి పంచాయతీ గోడ మీద ఉండాలి. దాని పక్కనే ఇంకో కాగితం: మే నెలలో ఏ తేదీన ఏ గేటు ఎన్ని అడుగులు ఎత్తి చూశారు, జనరేటరు ఎంతసేపు నడిచింది, లేవని గేటు ఏది, దాన్ని ఎప్పటిలోగా బాగుచేస్తారు, కింద ఈఈ సంతకం. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు. రేపటి వేసవిలోనే మొదలుపెట్టవచ్చు.