తీర్పు మన పని కాదు

సంపాదకులకు,

తాగుడికి బానిసై చర్చికి దూరమైనవాళ్లు అసలు విశ్వాసులే కారని గత సంచికలో ఒక పాఠకుడు తేల్చేశారు. ఆయన బాధ నిజమే. మందు మా యానాంలో ఎన్ని కాపురాలు కూల్చిందో నేనూ చూస్తున్నాను. నా అభ్యంతరమల్లా ఆ తీర్పు మీదే.

మత్తయి సువార్త 7వ అధ్యాయంలో యేసు ఎదుటివాడి కంట్లో నలుసును వదిలేయమనలేదు. ముందు మన కంట్లో దూలం సంగతి చూసుకోమన్నాడు. లూకా 18లో ఉపవాసాలూ దశమభాగాలూ ఏకరువు పెట్టిన పరిసయ్యుడు కాదు, తలెత్తలేకపోయిన సుంకరి నీతిమంతుడిగా ఇంటికెళ్లాడు. తప్పిపోయినవాణ్ణి సాత్వికంగా దారికి తెమ్మనే పౌలు గలతీయులకు రాశాడు.

మన సంఘ చరిత్రలోనూ ఇదే పాఠం ఉంది. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో భారతీయ పాదిరి అజరయ్య గారు విదేశీ మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, వాళ్లు మనవాళ్లను స్నేహితులుగా చూడటం లేదని మొహం మీదే చెప్పారు. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాక ఆయన సేవ ఎక్కువగా మాల, మాదిగ పల్లెల్లోనే సాగింది. ఊరు ఏనాడో తీర్పు చెప్పి వెలివేసిన మనుషులతో కట్టుకున్న సంఘం మనది. అందులోంచి మళ్లీ ఒకణ్ణి వెలివేయడానికి మనకు నోరెలా వస్తుంది?

ఆ పాఠకుడు అలాంటి ఒక్కరి ఇంటికైనా వెళ్లి, భార్యాబిడ్డల్ని పలకరించారా? ఆయన లేఖలో ఆ మాట లేదు.

— ఒక పాఠకురాలు, అగ్రహారం, యానాం