ముందుగోడ మోజుకు అప్పెందుకు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్లి అప్పుల గురించి రచ్చబండ దగ్గర అందరం మాట్లాడుకుంటాం. ఇంటి అప్పు సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మార్కాపురం, కంభం, గిద్దలూరు, యర్రగొండపాలెం పల్లెల్లో కొత్తగా లేస్తున్న ఇళ్లు చూడండి. ముందు వైపు గాజు అద్దాలు, స్టీలు రెయిలింగు, మెరిసే టైల్సు. దీనికి మేస్త్రీలు పెట్టిన పేరు ఎలివేషన్. బజారులో నిలబడి చూస్తే పట్నం బంగళానే. మే నెల మధ్యాహ్నం లోపల ఒక గంట కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది.

సన్న, చిన్నకారు రైతుకు ఇల్లు కూడా నాగలి, బండి లాంటి పనిముట్టే. అది ఎండను ఆపాలి, గింజను దాచాలి, గొడ్డుకు నీడనివ్వాలి. ఈ మూడింటికీ అక్కరకు రాని ముందుగోడ కోసం వడ్డీకి తేవడం దండగ.

స్లాబు ఎందుకు కాగుతుంది?

మన పశ్చిమ ప్రకాశంలో వేసవి ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. నాలుగైదు అంగుళాల సిమెంటు స్లాబు పగలంతా ఆ ఎండను తాగి, పొద్దుగూకిన తర్వాత ఇంట్లోకి వదులుతుంది. అందుకే రాత్రి పది దాటినా ఫ్యాను వేడిగాలే కొడుతుంది. పడమటి వైపు గాజు పెడితే ఇంకా చేటు. ఎండ సులువుగా లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు.

హైదరాబాదులో జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డుకు 2012లో చేప ఆకారంలో భవనం కట్టారు. చూసేవారికి ముచ్చటే. కానీ ఆఫీసు కరెంటు బిల్లు ఆఫీసు కట్టుకుంటుంది. మన ఇంటి బిల్లు కట్టాల్సింది కంది, మిర్చి, పత్తి. అవి ఏ ఏడు చేతికొస్తాయో, ఏ ఏడు రావో మీకు చెప్పక్కరలేదు.

పాత మిద్దెల సంగతి వేరు. మూరెడు మందాన రాతిగోడలు, దూలాలు, దంతెలు, వాటి పైన మందంగా మట్టి, చౌడు. ఎండ లోపలికి దిగేలోపే పొద్దు గుంకేది. పైన గవాక్షం, ముందు పంచ, పంచలో అరుగు. కాయ ఒలిచినా, గింజ చెరిగినా, ముసలివాళ్లు నడుం వాల్చినా అక్కడే.

అలాగని మళ్లీ మిద్దెలే కట్టుకోమని చెప్పడం లేదు. ఏటా చౌడు పోయాలి. చెదలు పడతాయి. ముసురు పట్టిందంటే కప్పు కారుతుంది, గోడ కూలితే ప్రాణాలకే ముప్పు. స్లాబు వేసుకోవాలనే ఆశలో తప్పు లేదు. ఆ స్లాబు కింద మిద్దెలో ఉన్న చల్లదనం ఎందుకు ఉండకూడదన్నదే ప్రశ్న.

మన రాయి ఓడెక్కింది

మార్కాపురం అంటే పలక. నోటు పుస్తకాలు వచ్చి బడి పలకకు గిరాకీ తగ్గాక, గోడలకు, నేలకు, ఇంటి కప్పులకు వాడే పలకలు తయారు చేసి విదేశాలకు పంపడం మొదలైంది. పరాయి దేశంలో మన రాయి గోడకెక్కుతుంటే, మనం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన టైల్సు అంటించుకుంటున్నాం!

కేరళలో స్థిరపడిన ఇంగ్లీషు దేశస్థుడు లారీ బేకర్ (1917–2007) పేదల ఇళ్లు కట్టి పేరు తెచ్చుకున్నారు. ఇంటికి కావలసిన సామాను అయిదు మైళ్ల లోపల దొరికేదై ఉండాలని గాంధీజీ చెప్పిన మాటను ఆయన పాటించారు. ఇటుకలను పక్కవాటుగా నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వదిలి కట్టించేవారు. దీనివల్ల ఇటుకలో దాదాపు నాలుగో వంతు ఆదా. మధ్యనున్న గాలి ఎండవేడిని ఆపుతుంది.

సర్కారు ఇళ్లలోనూ ఈ ఆలోచన రావాలి. మన రాష్ట్రంలో 2020లో పల్లెల్లో సెంటున్నర చొప్పున పట్టాలిచ్చి మొదలుపెట్టిన కాలనీల్లో కోస్తాకూ మెట్టకూ దాదాపు ఒకే నమూనా. గొడ్డు కట్టేయడానికీ, కంది బస్తా దించడానికీ చోటేది? 2016లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన మార్గదర్శకాలే స్థానిక సామానుకు, స్థానిక నమూనాలకు చోటిస్తున్నాయి. పంచ ఉన్న నమూనా కావాలని గ్రామసభలో అడగండి. ఒక్కరు అడిగితే పోయేదే, పదిమంది అడిగితే రాసుకుంటారు.

రెండు కాగితాల లెక్క

ఇల్లు మొదలుపెట్టే ముందు మేస్త్రీ చేత లెక్క రెండు కాగితాల మీద వేయించండి. పునాది, గోడలు, కప్పు, తలుపులు, మరుగుదొడ్డి ఒక కాగితం మీద. ఎలివేషన్, అద్దాలు, రెయిలింగు, టైల్సు రెండో దాని మీద. రెండో కాగితం మొత్తానికి ఏటా వడ్డీ ఎంతో కట్టి చూడండి. అది ఎన్ని బస్తాల కందికి సమానమో ఇంట్లో ఆడవాళ్లతో కూడా కూర్చుని మాట్లాడుకోండి.

ఆ డబ్బులో కొంత పెట్టినా పడమటి వైపు ఆరడుగుల పంచ వస్తుంది. ఎదురెదురు కిటికీలు, కప్పు దగ్గర గాలి రంధ్రాలు మరువకండి. దగ్గర్లో రాయి దొరికే ఊళ్లలో రాతిగోడకు ఎంతవుతుందో కనుక్కోండి. పడమర దిక్కున వేపచెట్టు నాటండి. దానికి అప్పు అక్కర్లేదు.

ఇప్పటికే స్లాబు వేసుకున్నవారూ దిగులు పడక్కరలేదు. వేసవి ముదరక ముందే స్లాబు పైన తెల్లటి సున్నం రెండు పూతలు వేయండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. పట్నాల్లో ఖరీదైన రంగులు వేస్తారు, మనకు సున్నం చాలు. వానలకు పూత పోతే మళ్లీ వచ్చే వేసవికి ఇంకోసారి వేసుకోవాలి, అంతే.