ఇందూ మిల్లు నేలలో నాడె కథకు చోటుందా?

డిసెంబర్ 6న దాదర్‌లో రైలు దిగి చైత్యభూమికి నడిచిన వాళ్లందరికీ ఆ స్థలం తెలుసు. స్తూపానికి దగ్గర్లోనే, అరేబియా సముద్రం అంచున, పన్నెండున్నర ఎకరాలు. ఒకప్పుడు అక్కడ బట్టల మిల్లు షెడ్లుండేవి. ఇప్పుడు బాబాసాహెబ్ స్మారకం కడుతున్నారు. 100 అడుగుల పీఠం, దాని మీద 350 అడుగుల విగ్రహం. 2015 అక్టోబర్‌లో ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. గడువులు జరుగుతూ వచ్చాయి, 2020లో విగ్రహం ఎత్తు పెంచారు, అంచనా వ్యయం వెయ్యి కోట్లు దాటింది. ఈలోగా హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో 125 అడుగుల విగ్రహాలు లేచి నిలబడ్డాయి. (ఎవరి విగ్రహం ఎంత ఎత్తు అన్న పోటీ మీద మాకున్న అభిప్రాయం మరోసారి రాస్తాం.)

ఈ రోజు మేం మాట్లాడాలనుకున్నది విగ్రహం గురించి కాదు, కూలిపోయిన మిల్లు గురించి.

జనం ఇందూ మిల్లు అని పిలిచినా రికార్డుల్లో దాని పేరు ఇండియా యునైటెడ్ మిల్ నంబర్ 6, డై వర్క్స్. అంటే గుడ్డకు రంగులద్దే చోటు. బాగ్దాద్ నుంచి వచ్చి బొంబాయిలో స్థిరపడి నల్లమందు, పత్తి వ్యాపారంలో ఎదిగిన ససూన్ కుటుంబానివి ఈ మిల్లులు. 1940ల్లో అవి భారతీయ వ్యాపారుల చేతికి వచ్చి ఇండియా యునైటెడ్ అయ్యాయి. తర్వాత ఖాయిలా పడ్డాయి. 1974 చట్టంతో జాతీయమై నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కిందికి వెళ్లాయి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని ఆపారు. ఆ సమ్మె ఓడింది. ఆ తర్వాత మిల్లులో నేసే గుడ్డ కన్నా మిల్లు కింది నేలకే ధర ఎక్కువైంది. గిరణ్‌గావ్ నేల మాల్స్‌గా, టవర్లుగా మారింది.

ఇందూ మిల్లు నేల ఆ దారిన పోకపోవడం దానంతటది జరగలేదు. 2011 డిసెంబర్ 6న ఆనంద్‌రాజ్ అంబేద్కర్ నాయకత్వంలో రిపబ్లికన్ సేన కార్యకర్తలు మిల్లులోకి ప్రవేశించి అక్కడే బైఠాయించారు. ఏడాది తిరిగేసరికి, 2012 డిసెంబర్‌లో, ఆ భూమిని స్మారకానికి ఇస్తామని కేంద్రం పార్లమెంటులో ప్రకటించాల్సి వచ్చింది. సముద్రానికి ఎదురుగా ఉన్న ముంబై నేలను దళితులు పోరాడి సాధించారు. ఇది చిన్న విజయం కాదు.

అయితే ఆ నేల మీద ఏ అంబేద్కర్‌ను నిలబెడుతున్నాం?

బొంబాయి మిల్లుల్లో దళితులు వేలల్లో పనిచేశారు, కానీ చాలా మిల్లుల్లో నేత విభాగం గడప తొక్కనివ్వలేదు. కారణం నాడె. మగ్గం మీద కండె అయిపోగానే నేతగాడు కొత్త కండెను నాడెలో పెట్టి, పోగు కొసను నాడె కంట్లోంచి నోటితో పీల్చి బయటికి లాగాలి. ఒకే నాడె ఎన్నో నోళ్లు మారుతుంది. ‘అంటరానివాడి ఎంగిలి మేం నోట పెట్టుకోవాలా’ అన్నది సవర్ణ నేతగాళ్ల అభ్యంతరం. ఫలితంగా దళితులు వడుకు విభాగంలో, తక్కువ కూలికి మిగిలిపోయారు. నిజానికి నోరు పెట్టనవసరం లేకుండా చేత్తో పోగు ఎక్కించే నాడెలు అప్పటికే ఉన్నాయి. రోగాలు అంటుకుంటాయని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1911లోనే నోటితో పీల్చే పద్ధతిని నిషేధించింది. మన దగ్గర మాత్రం నాడెను మార్చడానికి బదులు మనిషినే బయట నిలబెట్టారు.

1928 సార్వత్రిక సమ్మెలో బాబాసాహెబ్ సరిగ్గా ఇదే పట్టుకున్నారు. అన్ని విభాగాల్లోనూ పనిచేసే హక్కు దళితులకుందని డిమాండ్లలో చేర్చకపోతే, సమ్మెలోకి రావద్దని మా వాళ్లకు చెబుతానన్నారు. నాయకులు అయిష్టంగానే చేర్చారు. యజమానుల జవాబు ఏమిటంటే, ఇది అన్యాయమే అయితే దానికి బాధ్యులు తాము కాదని. కార్మిక ఐక్యత మీద అంతకు మించిన విమర్శ ఎవరూ చేయలేదు, చేసింది పెట్టుబడిదారులు కావడమే విషాదం. పదేళ్ల తర్వాత, 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ శత్రువులేనని చెప్పారు. అదే ఏడాది నవంబర్ 7న పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి ఒక రోజు సమ్మె నడిపారు. ఆయన ఒంటరిగా దళిత నాయకుడూ కాదు, ఒంటరిగా కార్మిక నాయకుడూ కాదు. రెండింటినీ విడదీయడానికి ఒప్పుకోలేదు.

ఇది మనకు దూరపు కథేమీ కాదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో ఊరికే అనరు. కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలీలు ఆ మిల్లుల్లో నేతగాళ్లుగా బతికారు. ఊళ్లో మగ్గం పోగొట్టుకుని పేదరికంతో వెళ్లినవాళ్లు వాళ్లు, 1982 తర్వాత మళ్లీ రోడ్డున పడ్డదీ వాళ్లే. కానీ వాళ్లు అడుగుపెట్టిన ఆ నేత విభాగం తలుపు దళితులకు మూసి ఉంది. సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యల మీద మనం నిజాయితీగా గొంతెత్తాం, ఎత్తాలి కూడా. దానితో పాటు ఈ మాటా మాట్లాడుకోవాలి. అణగారిన కులాల మధ్య ఐక్యత ఈ తలుపు సంగతి దాచిపెడితే కుదరదు.

ఇప్పుడు ముంబైలో ఏం జరుగుతోందో చూడండి. ఇదే గ్రూపుకు చెందిన ఇండియా యునైటెడ్ 2, 3 నంబర్ల మిల్లులు కాలాచౌకీలో ఉన్నాయి. అక్కడ ముంబై కార్పొరేషన్ టెక్స్‌టైల్ మ్యూజియం తలపెట్టింది. అంటే మిల్లు కార్మికుడి చరిత్ర కాలాచౌకీలో, అంబేద్కర్ చరిత్ర దాదర్ ఒడ్డున. అక్కడ కులం మాట రాకపోవచ్చు, ఇక్కడ కూలి మాట రాకపోవచ్చు. రాజ్యాంగం చేతబట్టుకున్న విగ్రహం ముందు దండ వేయడానికి ఏ పార్టీకీ ఇబ్బంది లేదు. సమ్మె కమిటీ ముందు నిలబడి నాడె సంగతి అడిగిన మనిషి ముందు మాత్రం చాలామంది ఇబ్బంది పడతారు.

పాత షెడ్లు ఎలాగూ లేవు. వాటిని కాపాడి ఉండాల్సిందా అన్న చర్చకు ఇప్పుడు అర్థం లేదు. స్మారకం లోపల గ్రంథాలయం, ప్రదర్శనలు వస్తాయంటున్నారు గనుక మేం అడిగేది కొంచెమే. ఒక మగ్గం, నోటితో పీల్చే ఒక నాడె, 1928 డిమాండ్ల పత్రం అక్కడ పెట్టాలి. కాలాచౌకీ మ్యూజియంలో కూడా నేత విభాగంలోకి ఎవరిని రానివ్వలేదో రాయాలి, మరాఠీలోనూ తెలుగులోనూ. డిసెంబర్‌లో దాదర్ వెళ్లే మన విద్యార్థి సంఘాలు ఈ వినతిపత్రం వెంట తీసుకెళ్లాలి. అంతకంటే ముందు, ఆ మిల్లుల్లో పనిచేసి వచ్చిన పెద్దవాళ్లు మీ ఊళ్లో, మీ వాడలో ఇంకా ఉంటే, ఏ విభాగంలో చేశారో, ఎంత కూలి వచ్చేదో, పక్కన ఎవరుండేవారో అడిగి రాసుకోండి.