రెండో కోతే తాలు!

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దించడానికి చోటుండదు. రంజీ నాకౌట్లూ ఆ రోజుల్లోనే. టీ కొట్టు దగ్గర కబుర్లు ధరతో మొదలై ఆంధ్రా జట్టు దగ్గర ఆగుతాయి.

'మనోళ్లకి మొదటి కోత బ్రహ్మాండం, రెండో కోత తాలు' అన్నది పాత మాట. అబద్ధమేం కాదు. 2022-23 క్వార్టర్ ఫైనల్లో మధ్యప్రదేశ్ మీద తొలి ఇన్నింగ్స్‌లో 379 కొట్టి, రెండో దాంట్లో 93కే చాప చుట్టేశారు. విరిగిన చేత్తో హనుమ విహారి ఎడమచేతి వాటంగా ఆడినా దక్కలేదు. మరుసటి ఏడాదీ క్వార్టర్స్‌లో అదే ఇండోర్, అదే మధ్యప్రదేశ్. కావాల్సింది 170. ఆలౌటయింది 165కి! ఆ సీజన్లో రికీ భుయ్ చేసిన 902 పరుగులే టోర్నీలో అత్యధికం.

'అయిదు వికెట్ల ఓటమి నుంచి నాలుగు పరుగుల దాకా వచ్చాం కదరా' అని సరిపెట్టుకునేలోపే, 2024-25లో నాకౌట్ గడపే తొక్కలేదు.

అయినా, పత్తి ఓ ఏడు ముంచిందని పొలం బీడు పెట్టే రైతుంటాడా? అంబటి రాయుడు పుట్టిందిక్కడే. షేక్ రషీద్‌దీ ఈ ఊరే. విత్తనానికి వంక లేదు. దిగులంతా రెండో కోతతోనే!