కోర్టు ధిక్కారము – బిడ్డల గోడు

ఆలుమగల తగవు కోర్టు కెక్కినప్పుడు మన యూళ్ల పెద్దమనుష్యులు తప్పక చెప్పు సలహా యొకటి కలదు: తీర్పు ఎట్లున్నను బిడ్డను మాత్రము వదలవలదు, మేనమామ యింటనో పినతల్లి యింటనో దాచవలెనని. దొరవారిసత్రమున రైలెక్కి చెన్నపట్టణమున దిగులోపల ఈ హితోపదేశము ఒకమారైనను చెవిని బడును. దీనిని వారు వాత్సల్యమందురు. నేను దొంగతనమందును. అట్లు దాచిన పిల్లల పేర్లకెదురుగ నెలల తరబడి గైర్హాజరు వ్రాయువాడు బడిపంతులు. సలహా యిచ్చిన పెద్దలెవ్వరును ఆ పట్టీ చూడ వచ్చుట లేదు.

ఇట్టివారికై 1971 నాటి కోర్టు ధిక్కార చట్టమున్నది. ఆజ్ఞను బుద్ధిపూర్వకముగ మీరినవారికి ఆఱు నెలలకు మించని సాధారణ ఖైదుగాని, రెండువేల రూపాయలకు మించని జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. క్రింది కోర్టు ఆజ్ఞను మీరినను శిక్షించు నధికారము హైకోర్టుకు గలదు. క్షమాపణ తృప్తికరమైన విడిచిపెట్టనువచ్చును. మంచిదే. కాని ఆ క్షమాపణ చేరునది న్యాయమూర్తికి. నీ తండ్రి నిన్ను వలదనెనను కల్లను నమ్మి పెరిగిన పిల్లకు క్షమాపణ యెవరు చెప్పుదురు?

మన తెలుగువారి వ్యాజ్యమే యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్యగారు తమ కుమారులగు కృష్ణమూర్తి, నిత్యానందుల సంరక్షణమును 1910లో అనీబిసెంటమ్మగారికి వ్రాసియిచ్చిరి. పిదప మనసు మారి 1912లో దావా వేసిరి. బాలురప్పటికి ఇంగ్లండులో నుండిరి. 1913 ఏప్రిలులో మదరాసు హైకోర్టున బేక్‌వెల్ న్యాయమూర్తి, మే 26వ తేదీలోగా వారిని తండ్రి కప్పగింపవలెనని తీర్పు చెప్పెను. అప్పీలునందును అమ్మగారోడిరి. 1914లో ప్రివీ కౌన్సిలు ఆ తీర్పును త్రోసివేసెను. దావా తగిన తావున వేయబడలేదన్నది యొక కారణము. బాలుర యభీష్టమును విచారింపకయే వారిని సముద్రము దాటించు నాజ్ఞ యిచ్చుట తగదన్నది వేఱొకటి. కృష్ణమూర్తికప్పుడు పదునెనిమిదేండ్లు నిండవచ్చుచుండెను! తండ్రి హక్కును గూర్చి అంత వాదము జరిగినచోట ఆ కుఱ్ఱవాని మాటకు చోటు లేకపోయెను. ఆ తీర్పే నిలిచియుండిన అమ్మగారికి రెండే దారులు: రానొల్లని బాలురను బలవంతముగ ఓడనెక్కించుట, లేదా ధిక్కారమునకు జవాబు చెప్పుకొనుట.

చట్టము మూగది కాదు. బుద్ధి తెలిసిన బాలుని యిష్టమును గమనింపవచ్చునని 1890 నాటి గార్డియన్ల చట్టమే చెప్పినది. ఈ "వచ్చును" అను క్రియయే నాకు సరిపడదు. అచ్చట "వలెను" ఉండవలసినది. బిడ్డలు తల్లిదండ్రుల సొత్తు కారని సుప్రీంకోర్టు 1973లో రోసీ జేకబ్ వ్యాజ్యమున స్పష్టము చేసినది.

పిల్లలు నేర్పిన పలుకులే పలుకుదురని వకీళ్లందురు. పలుకుదురు గాక. వల్లించిన పాఠమేదో, తెలిసి చెప్పిన మాట యేదో రెండు మూడు ప్రశ్నలలో తేలునని తరగతిలో నిలుచు ఏ యుపాధ్యాయు నడిగినను చెప్పును. న్యాయమూర్తికి తన గదిలో ఒక గంట తీరిక దొరకదా? బిడ్డను గూర్చిన ధిక్కార పిటిషను వచ్చినప్పుడెల్ల, జరిమానా యెంత, చెఱ యెంత యను యోచనకు ముందు, ఆ బిడ్డతో ఏకాంతమున మాటాడవలెనను నియమమును అమరావతిలోని మన హైకోర్టు చేయవలెను. ఇందుకు శాసనసభ దాక పోనక్కఱలేదు. నియమములు చేసికొను నధికారమును 1971 చట్టపు 23వ సెక్షను హైకోర్టులకే యిచ్చినది.