మంచుమీద మన జెండా

2025వ సంవత్సరము మే మాసాంతమున ఎమిరేట్ల దేశమునందలి అల్ ఐన్ పట్టణమున ఆసియాఖండపు స్త్రీల ఐసుహాకీ పోటీలు ప్రారంభమైనవి. జూను మొదటి వారమున నవి ముగియునప్పటికి మన భారతదేశపు యువతులు మూడవ స్థానమును గెలిచి కంచుపతకమును ధరించిరి. ఇట్టి పోటీలయందు మన స్త్రీలకు లభించిన మొదటి పతకమిది. వెలుపల ఎడారి యెండ నలువది డిగ్రీలకు చేరు ఋతువు. లోపల యంత్రములచే గడ్డకట్టింపబడిన మంచు. ఆ మంచుమీద మన త్రివర్ణమును ధరించి నిలిచిన బాలికలు. వారిలో పెక్కుమంది లడఖు కొండలనుండి వచ్చినవారే. ఈ వార్త తెలుగునాట నెందఱి చెవిని బడినదో మేము చెప్పజాలము. క్రికెట్టు పందెమున నొక్క పరుగు తక్కువైనచో పల్లెపట్టున రచ్చబండమీద గూడ నిట్టూర్పులు వినవచ్చు దేశమున, ఈ పతకమును గూర్చి మాటాడుకొన్న రచ్చబండ యొక్కటియు మా కంటబడలేదు.

ఈయాటను చూచినవారు మనలో తక్కువ గావున రెండుమాటలు చెప్పవలసియున్నది. అఱువది మీటర్ల పొడవుగల మంచుబయలున పక్షమున కార్గురు చొప్పున, కాళ్లకు ఇనుపవాదర గల జోళ్లు తొడిగి, మూడంగుళముల వెడల్పు, ఒక యంగుళము మందముగల రబ్బరుబిళ్ళకొఱకు పోరాడుదురు. ఇరువది నిమిషముల చొప్పున మూడు భాగముల ఆట. ఆటగాండ్ర వడి యెట్టిదనగా, నిమిషమునకించుక తక్కువగానో ఎక్కువగానో ఆడి పక్కకు తొలగి, వేఱొకరిని దింపవలసినదే. అంతకుమించి యే మనిషికిని ఊపిరి చాలదు. కండబలము, తెగువ, కూడికతనము మూడును కావలసిన ఆట.

ఆసియాలో జపాను, కొరియా, చీనా, కజకస్థానములు దీనియందు ముందునుండియు నాఱితేఱినవి. వెనుకబడిన దేశములను వానితో గలిపి యాడించుట యెట్టిదో 1998లో లోకము చూచినది. పదునెనిమిదేండ్ల లోపువారి ఆసియా-ఓషియానియా పోటీలలో దక్షిణకొరియా జట్టు సయాము బాలురమీద, అనగా థాయిలాండు వారిమీద, తొంబదిరెండు గోలులు వేసినది. సయాము వారిది సున్న. ఆటయనగా నిదియా? అందుచేత అంతర్జాతీయ ఐసుహాకీ సమాఖ్యవారు 2008లో హాంగుకాంగునందు 'ఆసియా ఛాలెంజి కప్పు' అను వేఱు పోటీని మొదలుపెట్టుట యుచితముగ నున్నది. సాటివారు సాటివారితో పోరాడి ఎదుగవలయునను సూత్రమే దానికి ప్రాణము. పసివానిని మల్లుని యెదుట నిలిపి కుస్తీ నేర్పువాడు గురువు కాడు గదా!

ఆ తొంబదిరెండు గోలుల సయామువారేమైరి? ఆట మానిరా? మానలేదు. 2017లో ఆగ్నేయాసియా క్రీడలలో ఐసుహాకీ తొలిసారి చేర్పబడినప్పుడు వారు తుదిపందెమువఱకు వచ్చి, ఫిలిప్పీన్సు వారితో 5-4 తో నోడిరి. ఆ ఫిలిప్పీన్సువారు సమాఖ్యలో సభ్యత్వము పొందినది 2016లో. స్వర్ణము గెలిచినది మఱుసటి యేట. ఆ రెండు దేశములయందును మంచు కురియు టన్నది లేదు. అంగడి భవనములలో యంత్రములతో చేసిన మంచుమీద ఆడి వారట్టి స్థితికి వచ్చిరి. మన దేశమునకో, హిమాలయమే పెట్టనికోట. మన సభ్యత్వము 1989నాటిది.

మంచు మనకు గలదు. మంచుమీద నడచువారును గలరు. లేనిది వేఱొకటి.

లడఖున ఈయాట వేళ్లూనినది మన సైనికుల వలన. పదునొకండువేల అడుగులకు మించిన ఎత్తున, బాటలన్నియు మూసికొనిపోవు శీతకాలమున, ప్రొద్దుపుచ్చుటకై సైనికులు గడ్డకట్టిన చెఱువులమీద ఆడుచుండగా చూచి, అచ్చటి పిల్లలు బూట్లక్రింద ఇనుపముక్కలను బిగించుకొని తామును నేర్చిరి. చెఱువు కరగిన మఱునాటినుండి యాట లేదు. పెక్కేండ్లపాటు వారికి సంవత్సరమునకు రెండుమాసముల సహజమైన మంచే దిక్కు. అట్టి సాధనతో మన పురుషులు 2009లో అబుదాబి పోటీలకు తొలిసారి పోయిరి. స్త్రీలు 2016లో తైపేకి పోయిరి. ఓడిరి, గట్టిగనే యోడిరి. ఏడాదికి రెండు నెలలు సాధన చేసినవారు పండ్రెండు నెలలు సాధన చేసినవారి చేతిలో నోడుట యందు వింత లేదు. వింత యంతయు 2017 మార్చిలో బాంకాకునందు జరిగినది. మన యువతులు ఫిలిప్పీన్సు జట్టును 4-3 తో గెలిచిరి. ఆవెనుక మలేషియాను 5-4 తో గెలిచిరి. ఈ పోటీలయందు గెలిచినవారి జాతీయగీతమును మాత్రమే ఆటముగిసిన పిమ్మట వినిపింతురు. ఓడిన ప్రతిదినమును పరుల గీతమునకు లేచినిలిచిన వారు, ఆనాడు తమ గీతము విని కన్నీరు పెట్టుకొనిరి. ఆ కన్నీటి విలువను గ్రహింపలేనివాడు దేశభక్తినిగూర్చి ఉపన్యసింపకుండుట మేలు.

ఇక వేఱొక విషయము. ఈ జట్లు పరదేశములకు బోవుటకు విమానపు టిక్కెట్లకై జనులను చందాలడుగవలసి వచ్చినది. 2015లో పురుషులు కువైటునకు బోవలసినప్పుడును అదియే గతి; స్త్రీలకును తొలియాత్రలో నదియే గతి. దాతలు ముందుకు వచ్చిరి, వారికి నమస్కారము. కాని మేమొకటి యడుగుచున్నాము. 1921లో మన బెజవాడయందే అఖిలభారత కాంగ్రెసు సంఘము కూడి, తిలకు స్వరాజ్యనిధికి కోటిరూపాయలు వసూలు చేయవలెనని తీర్మానించినది. ఇల్లాండ్రు గాజులు తీసి యిచ్చిరి. ఆనాడు చందాయెత్తుట గౌరవము. ఏలన, బొక్కసము పరులది. నేడు బొక్కసము మనది. మనము కట్టు పన్నే మన చందా. ఆ పన్నులలో దేశముపేరు మోయువారి ప్రయాణపుఖర్చు కైనను భాగము లేకున్నయెడల, స్వరాజ్యనిధికి గాజులిచ్చిన తల్లులకు మనమేమి సమాధానము చెప్పగలము?

చరిత్ర నెఱిగినవారికి ఇది క్రొత్తగాదు. 1928లో ఆమ్‌స్టర్‌డాము ఒలింపికు పోటీలకు మన హాకీజట్టు బొంబాయిరేవునుండి బయలుదేఱినపుడు సాగనంపుటకు వచ్చినవారు మువ్వురే యని ధ్యాన్‌చంద్‌గారు తమ స్వీయచరిత్రమున వ్రాసికొనిరి. స్వర్ణము గెలిచి మరలివచ్చిననాడు అదే రేవు జనసముద్రమైనది. ఆ జట్టునకు నాయకుడెవ్వరు? ఛోటానాగపూరు అడవులయందు పుట్టిన ముండాజాతి యువకుడు జైపాలుసింగుగారు. ఐ.సి.యస్. శిక్షణలో నుండి సెలవు దొరకకున్నను, ఉద్యోగముకంటె దేశపుటాట మేలని పోయినవారు. నాడు అడవినుండి వచ్చినవాడు, నేడు మంచుకొండలనుండి వచ్చిన బాలికలు. నగరముల పెద్దమనుష్యులు మాత్రము నాటికిని నేటికిని పతకము కనబడినపిమ్మటనే రేవునకు వత్తురు.

కొందఱు మిత్రులు మాతో వాదించిరి. 'ఇది తెల్లవారి యాట, కెనడావారు 1875లో మాంట్రియలునందు కట్టడిచేసిన యాట, మనకేల?' యనిరి. క్రికెట్టును మన ఋషులు కనిపెట్టిరా? ఆటకు జాతి యుండదు, ఆడువానికే యుండును. మఱికొందఱి యాక్షేపము బరువైనది. 'త్రాగునీరు లేని యూళ్లుండగా మంచుబయళ్లకు ధనమేల? డెహ్రాడూనులో జరిగినది చూడలేదా?' యనుచున్నారు. చూచితిమి. 2011లో దక్షిణాసియా శీతకాల క్రీడలకై యచ్చట నొక గొప్ప రింకు కట్టబడినది. పండుగ ముగిసినది, విద్యుచ్ఛక్తి ఖర్చు భరింపలేక అది పెక్కుసంవత్సరములు మూతపడి యుండెను. 2025లో మరల తెఱవబడి, ఆగస్టులో ఆసియా స్కేటింగు పోటీలకు వేదికయైనది. ఆ నడిమి కాలమున లడఖు బాలికలు చెఱువు గడ్డకట్టువఱకు ఎదురుచూచుచుండిరి! మాకీ కథవలన తేలిన దేమనగా, ధనము లేక యాట చెడలేదు. కట్టుట కున్న ధనము నడుపుట కుండదు. శిలాఫలకము మీద పేరు చెక్కించుకొనుట యందున్న యుత్సాహము, కరెంటుబిల్లు చెల్లించుట యందు మనవారి కుండదు గదా. కావున మేము క్రొత్త భవనములకై యడుగుటలేదు. ఉన్న రింకులు పండ్రెండు మాసములు నడచుటకు ప్రతివత్సరమును లెక్కలలో నొక పద్దు వ్రాయుడని యడుగుచున్నాము. ఆటగాండ్రకు తగిన జోళ్లు, శిరస్త్రాణములు, శిక్షకుని జీతము, రానుపోను ఖర్చు — ఇంతే. ఒక మహానగరమున నొక్క వంతెన మరమ్మతునకు మించునా ఇది?

న్యాయవాదవృత్తి యందుండుటచే మాకు మఱియొక మాట చెప్పవలెనని యున్నది. మన రాజ్యాంగపు ఏడవ షెడ్యూలు ననుసరించి క్రీడలు రాష్ట్రముల జాబితాలోనివి. ముప్పదిమూడవ పద్దున చూడవచ్చును. అందుచే కేంద్రప్రభుత్వమువారు తఱచుగా 'అది రాష్ట్రములవారి బాధ్యత' యని తప్పించుకొనుటకు వీలుగలదు. ఆంధ్ర, తెలంగాణములయెడ ఆ వాదము కొంత చెల్లును. లడఖుయెడల నెట్లు చెల్లును? 2019 అక్టోబరు 31వ తేదీనుండి అది శాసనసభలేని కేంద్రపాలిత ప్రాంతము. లేహునకును కార్గిలునకును పర్వతమండలులున్నవి, నిజమే. కాని చట్టము చేయు నధికారము వానికి లేదు. అచ్చట రాష్ట్రప్రభుత్వమును ఢిల్లీయే, కేంద్రప్రభుత్వమును ఢిల్లీయే. బాధ్యతను వేఱొకరిమీదికి నెట్టుటకు వేఱొకరే లేరు! 2025లో జాతీయ క్రీడాపాలన చట్టమొకటి వచ్చినది. క్రీడాసమాఖ్యలకు గుర్తింపునిచ్చుటకు జాతీయ క్రీడామండలియు, తగవులు తీర్చుటకు న్యాయపీఠమును దానివలన ఏర్పడవలెను. గుర్తింపున్నవారికే కేంద్రపు ధనసహాయము. మంచిదే. అయితే ఆటగాండ్ర సంఖ్యను, జనాదరణను మాత్రమే చూచి గుర్తింపు కొలత వేయుదురేని, రెండుజిల్లాల ప్రజలు ప్రాణముగా చూచుకొను ఆటలు ఎన్నటికిని తూగవు. నియమావళి వ్రాయువా రీ చిక్కును గమనింపవలయును.

మన తెలుగువారికి లడఖు దూరదేశమని యనిపించవచ్చును. 2020 జూను 15వ తేదీ రాత్రి గల్వాను లోయలో ప్రాణములర్పించిన కర్నలు సంతోష్‌బాబుగారు మన సూర్యాపేటవారు. ఆనాడు ప్రతి తెలుగింటను లడఖు పేరు పలుకబడినది. ఒక నేలకొఱకు ప్రాణములిచ్చుట మన కర్తవ్యమైనపుడు, ఆ నేలమీది బిడ్డలు ఆడుకొను చెఱువును గూర్చి యడుగుట మనపని కాకపోవునా? ఆ నేలవారే 2025 సెప్టెంబరులో తమకు రాష్ట్రహోదాయు, ఆఱవ షెడ్యూలు రక్షణయు కావలెనని లేహువీధుల కెక్కిరి. ఆ నెల 24వ తేదీని నలుగురు మరణించిరి. ఆ కోర్కెల మంచిచెడ్డలను వేఱొకప్పుడు విచారింతము. ఇప్పటికి మేము చెప్పదలచిన దొక్కటే: తమ చేతినుండి జెండాను అందుకొన్న నాడు పొగడి, తమ గోడు చెప్పుకొన్ననాడు అనుమానించుట దేశమునకు మేలు చేయదు. అల్ ఐన్‌లో జాతీయగీతము పాడిన బాలికల అన్నదమ్ములే యా వీధులలో నడచినవారు.

స్కేట్లకును తెలుగునాటికిని సంబంధమే లేదనుకొనువారు గూడ పొరబడుచున్నారు. చక్రముల స్కేట్లమీద 2010 గాంగ్జౌ ఆసియా క్రీడలలో రెండు కంచుపతకములు తెచ్చిన యామా అనూప్‌కుమార్ మన హైదరాబాదువాడు. సిమెంటుమీద నేర్చిన కాలు మంచుమీద నిలుచుట కష్టమే కాని, అసాధ్యము కాదు. దక్షిణదేశపు యువకులు గూడ ఈ జట్లలో చోటు సంపాదించుదినము రావచ్చును. ఆ మాట యటుండనిండు.

లోకసభలో లడఖునకు సభ్యుడొక్కడు. మన రెండు రాష్ట్రములకు కలిపి నలువదియిద్దఱు. వచ్చు బడ్జెటు సమావేశమున వీరిలో నొక్కరైనను లేచి, ఐసుహాకీ జట్ల ప్రయాణములకు, శిక్షణకు ఈ యేడు కేటాయించిన దెంత, లడఖునందలి రింకులు ఎన్నినెలలు నడచినవి, డెహ్రాడూను రింకును నడుపు ఖర్చు ఎవరు భరించుచున్నారు అని మూడు ప్రశ్నలు వేయుదురేని, ఆ ప్రశ్నలను నియమములకు సరిపడునట్లు వ్రాసియిచ్చుటకు మేము సిద్ధముగ నున్నాము. కార్యాలయమునకు కబురంపిన చాలును.