కార్డు ఒక్కటే చాలదు

షోలాపూరులో మా సంఘస్థురాలు ఒక పెద్దమ్మ బీడీలు చుట్టి బతుకుతోంది. ఆమెకు ఐదు లక్షల ఆయుష్మాన్ కార్డు ఉంది. షుగరు మాత్రలు మాత్రం నెలనెలా కూలి డబ్బుతోనే కొంటుంది. ప్రభుత్వ దవాఖానాలో లైను కడితే పూట కూలి పోతుంది. కార్డేమో ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. అంటే కాలు పుండుపడేదాకా ఆగాలా?

బిల్లు కట్టడమే ప్రభుత్వం పనా? తమిళనాడులో 2021 నుంచి ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద ఆరోగ్య కార్యకర్తలు బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిస్తున్నారు. మనసుంటే మార్గం ఉంది.

డబ్బు లేదని ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. 2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య ఖర్చు జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. గడువు దాటింది, మాట నిలవలేదు.

మంచి సమరయుని దగ్గర రెండు దేనారములు ఉన్నాయి. గాయపడినవాణ్ణి చేర్చడానికి పూటకూళ్ల ఇల్లూ ఉంది. మన పేదలకు దేనారములు చూపిస్తున్నారు గాని ఇల్లు నిలబెట్టడం లేదు.

సహోదరులారా, మన వార్డులో దవాఖానా సాయంత్రం కూడా తెరిచి ఉంటుందా, మందులు ఉంటాయా? ఓటుకు వచ్చినవారిని ముందు ఇదే అడుగుదాం.